కిలోర్గ్లిన్ సంతలో మేకపోతు మంచె ఎందుకెక్కింది

కిలోర్గ్లిన్ ఐర్లండ్ నైరుతి మూలన, కెర్రీ కౌంటీలో ఉన్న చిన్న ఊరు. జనాభా రెండు వేల పైచిలుకు, అంతే. లాన్ నది మీది వంతెన దాటగానే వీధి గుట్ట మీదికి ఎక్కుతుంది, పైన ఊరి కూడలి వస్తుంది. ఏటా ఆగస్టు 10, 11, 12 తేదీల్లో, ఏ వారం పడినా సరే, ఇక్కడ పక్ ఫెయిర్, అంటే మేకపోతు సంత, జరుగుతుంది. కొండల్లోంచి ఒక అడవి మేకపోతును పట్టుకొచ్చి, ఊరి బడిలో చదివే ఒక పాపతో దానికి కిరీటం పెట్టించి, కింగ్ పక్ అని పిలిచి, బోనులో ఉంచి దాదాపు 50 అడుగుల మంచె మీదికి ఎత్తుతారు. మూడో రోజు దించి కొండకు పంపేయడం పాత ఆనవాయితీ. ఆగస్టు దగ్గరపడితే చాలు, ఆ బోను గురించి తగువు మళ్లీ రాజుకుంటుంది. జంతు హక్కుల వాళ్లు ఇది హింస అంటారు, ఊరివాళ్లు మా తాతల నాటి సంప్రదాయం అంటారు, ఇద్దరూ కలిసి వందల ఏళ్ల వెనక్కి వెళ్లిపోతారు.

ఆ పాత కథలు గబగబా చెప్పేస్తాను, ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి. 17వ శతాబ్దపు ఇంగ్లిష్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం దోచుకోవడానికి వస్తుంటే మంద నుంచి విడిపోయిన ఒక మేకపోతు ఊళ్లోకి పరిగెత్తుకొచ్చిందని, దాన్ని చూసి జనం జాగ్రత్తపడ్డారని ఒక కథ. క్రైస్తవం రాకముందు నాటి లూనసా పంట పండుగలో మేకపోతు సంతాన సమృద్ధికి గుర్తు అని ఇంకో వాదం. ఇక కాగితం మీద ఉన్నది 1613 నాటి రాజపత్రం. ఊరి మీద హక్కున్న జెంకిన్ కాన్వే అనే ఆయనకు ఆగస్టు సంత జరుపుకునే అధికారాన్ని మొదటి జేమ్స్ రాజు ఇచ్చాడు. అప్పటికే జరుగుతున్న సంతకే ఆ అనుమతి వచ్చిందని చెబుతారు కాబట్టి సంత అంతకంటే పాతదే అయి ఉండాలి. 1752లో బ్రిటన్, ఐర్లండ్‌ల కేలెండర్‌ను మార్చినప్పుడు 11 రోజులు తీసేశారు, ఆ లెక్కన లూనసా పడే పాత ఆగస్టు ఒకటో తేదీ కొత్త కేలెండర్‌లో సరిగ్గా 12 అవుతుంది, అంటే లూనసా వాదాన్ని ఊరికే కొట్టిపారేయలేం. కానీ నాకు అర్థమైనంతలో ఇవాళ్టి తగువును విప్పే తాళంచెవి వీటిలో ఏదీ కాదు. అది 1950లు, 60ల్లో ఉంది.

దానికి ముందు 2022 గురించి ఒక మాట. కోవిడ్ వల్ల రెండేళ్లు ఆగిపోయిన సంత ఆ ఏడాది తిరిగి మొదలైంది. సరిగ్గా ఆ వారమే ఐర్లండ్‌లో ఎండలు మండిపోయాయి, వాతావరణ శాఖ దేశమంతటా హెచ్చరిక ఇచ్చింది. నిలువనీడ లేని ఎత్తులో మేకపోతు ఉన్న ఫొటోలు అందరి ఫోన్లలోకి వెళ్లాయి. ఎక్కడెక్కడి జనమో కోపంతో ఊగిపోయారు. చివరికి వేడి ఎక్కువైందని నిర్వాహకులే దాన్ని కిందికి దించారు. అప్పట్నుంచి అడిగే ప్రశ్న మారిపోయింది. అంతకుముందు ఉంచాలా వద్దా అని అడిగేవాళ్లు, ఇప్పుడు ఎంతసేపు ఉంచాలి అని అడుగుతున్నారు. ఒకసారి దించారు కాబట్టి, దించినా సంత ఆగలేదు కాబట్టి, మూడు రోజులూ పైనే ఉండాల్సిన అవసరం ఏమిటన్న మాట పుట్టింది.

ఇక అసలు మలుపు. ఒకప్పుడు ఐర్లండ్‌లో పశువుల సంత అంటే ఊరి వీధే. తెల్లవారకముందే రైతులు ఆవుల్ని, దూడల్ని తోలుకుంటూ మైళ్ల దూరం నడిచి వచ్చి ఇళ్ల ముందు, దుకాణాల ముందు నిలబెట్టేవాళ్లు. దుకాణదారులు అద్దాలు పగలకుండా కిటికీలకు చెక్కలు అడ్డం పెట్టుకునేవాళ్లు. కొనేవాడు ఒక ధర అంటాడు, అమ్మేవాడు మొహం తిప్పుకుంటాడు, మధ్యలో దళారి ఇద్దరి చేతులూ లాక్కొచ్చి కలుపుతాడు, అరచేతిలో ఉమ్మి ఊసి చెయ్యి కొడితే బేరం కుదిరినట్టే. డబ్బు చేతిలో పడ్డాక అమ్మినవాడు కొన్నవాడికి అదృష్టం బాగుండాలని కొంచెం తిరిగిచ్చేవాడు, దాన్ని లక్ పెన్నీ అనేవాళ్లు. ఆ డబ్బుతోనే దుకాణంలో బాకీ తీరేది, పిల్లలకు బూట్లు కొనేవాళ్లు, తర్వాత పబ్‌లో కూర్చునేవాళ్లు. చిన్న ఊరికి బతుకుతెరువు అదే.

1950ల మధ్య నుంచి రైతు సహకార సంఘాలు మార్ట్‌లు కట్టడం మొదలుపెట్టాయి. కంచె వేసిన ఆవరణ, పశువు బరువు తూచే కాటా, వేలంపాట, ఆఫీసులో చెక్కు. రైతుకు మేలే జరిగింది, అందులో రెండో మాట లేదు. వానలో పొద్దంతా నిలబడి సాయంత్రానికి విసిగిపోయి దళారి చెప్పిన ధరకే ఇచ్చేసే గతి తప్పింది. కానీ పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగేసరికి దేశంలో చాలా ఊళ్లలో వీధి సంతలు పోయాయి. మార్ట్ సాధారణంగా ఊరి బయట ఉంటుంది, రైతు ట్రాక్టరు మీద వచ్చి చెక్కు తీసుకుని అటే ఇంటికి వెళ్లిపోతాడు, దుకాణాల వైపు అతనికి పనే ఉండదు. కిలోర్గ్లిన్‌కు ఇంకో దెబ్బ కూడా తగిలింది. 1885లో ఊరికి వచ్చిన రైలు, తర్వాత వలెన్షియా రేవు దాకా పొడిగించిన ఆ లైను, 1960లో మూతపడింది. రైలు వంతెన ఇప్పటికీ నది మీద నిలబడే ఉంది, రైలు మాత్రం లేదు. అదే కాలంలో వలస ఎలా ఉందో చూడండి: 1951 నుంచి 1961 మధ్య పదేళ్లలో దాదాపు 4 లక్షల మంది దేశం వదిలి వెళ్లారు, దేశం మొత్తం జనాభా 30 లక్షలు కూడా లేని రోజుల్లో.

అంటే పశువులు తగ్గాయి, రైలు పోయింది, ఇంటికొక మనిషైనా ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఉన్నాడు. సంత ఎందుకు నిలిచింది మరి? చుట్టుపక్కల ఎన్నో ఊళ్లలో సంత రోజు పేరైనా మిగల్లేదు, ఇక్కడ మిగిలింది. మేకపోతు ఉంది కాబట్టి మిగిలిందని నేననుకుంటాను. అప్పటిదాకా అది సంత మీద కట్టిన జెండా లాంటిది, అసలు సరుకు కింద వీధిలో ఉండేది. కింద సరుకు పలచబడ్డాక జెండానే చూడ్డానికి జనం రావడం మొదలైంది. పత్రికల వాళ్లు, టీవీ వాళ్లు, కెర్రీ చుట్టుదారిలో (రింగ్ ఆఫ్ కెర్రీ) తిరిగే టూరిస్టులు, అందరి కెమెరాలూ పైకే. అలా ఒక గుర్తు మోయాల్సిన బరువు పెరిగిపోయింది. మేకపోతు లేకపోతే పక్ ఫెయిరే లేదు అని ఇవాళ ఊరివాళ్లు భయపడుతున్నారంటే ఆ భయం అక్కడ పుట్టింది.

గుర్తు అన్నానే, దానికి 1808 నాటి కథ ఒకటి ఉంది. దాన్ని చరిత్ర అనడానికి లేదు గానీ ఊరివాళ్లు తమ కథల్లో దీన్నీ గర్వంగానే చెబుతారు. అప్పటి భూస్వామి బ్లెనర్‌హాసెట్‌కు డబ్బు ఇబ్బందులు. ఆవులు, గుర్రాలు, గొర్రెల సంతల్లో ఆశీలు వసూలు చేయకూడదని డబ్లిన్ నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆయన డానియల్ ఓకానెల్ దగ్గరికి వెళ్లాడు. తర్వాతి కాలంలో కాథలిక్కుల హక్కుల కోసం పోరాడి 1829లో సాధించిన నాయకుడే ఆయన, ఈ కెర్రీ మనిషే, అప్పటికింకా కుర్ర లాయరు. ఉత్తర్వులో మేకల ప్రస్తావన లేదు, కాబట్టి మేకల సంత పెట్టి ఆశీలు వసూలు చేసుకో అన్నాడట. ఇది మేకల సంతే అని అందరికీ కనపడాలని ఆగస్టు 10న ఒక మేకపోతును మంచె ఎక్కించారట. నిజమో కాదో గానీ ఈ కథలో మంచె ఎందుకుందో చూడండి: దూరం నుంచి కనపడాలి, సంత తెరిచారని తెలియాలి. ఇలాంటివి వేరేచోట్లా ఉన్నాయి. ఇంగ్లండ్‌లో హోనిటన్ ఊళ్లో సంతకు బంగారు పూత పూసిన చేతి తొడుగును పొడవాటి కర్ర చివర పైకెత్తుతారు, అది పైన ఉన్నంతకాలం సంతకొచ్చినవాణ్ని అరెస్టు చేయకూడదని పాత కట్టుబాటు. కిలోర్గ్లిన్‌లో ఆ తొడుగు చోట ప్రాణం ఉన్న జంతువు ఉంది, తేడా అదే, తగువూ అక్కడే.

జంతు హక్కుల సంఘాల వాదం సూటిగా ఉంటుంది. మందలో తిరిగే అడవి జంతువును పట్టుకుని, ఇరుకు బోనులో, మైకులు, బాణసంచా, వేల మంది అరుపుల మధ్య ఉంచడం దానికి భయమే తప్ప గౌరవం కాదు అంటారు. నిర్వాహకులు పశువైద్యుడు చూస్తూ ఉంటాడని, మేత, నీళ్లు వేళకు అందుతాయని, కొండ అంచుల మీద బతికే జంతువుకు ఎత్తు కొత్త కాదని అంటారు. ఎత్తు గురించి వాళ్లు చెప్పేది నమ్మొచ్చు. ఎండ గురించి మాత్రం 2022 తర్వాత నమ్మడం కష్టం. మెక్‌గిల్లికడీస్ రీక్స్ కొండల్లో మేక ఎండెక్కితే రాతి చాటుకు పోతుంది, బోనులో పోలేదు.

అయితే ఫోన్‌లో ఫొటో చూసి కోపం తెచ్చుకున్నవాళ్లకు కనపడనిది చాలా ఉంది. ఈ మూడు రోజులకు ఊరివాళ్లు పెట్టుకున్న పేర్లు చూడండి: కూడే రోజు, సంత రోజు, చెదిరే రోజు. వలస వెళ్లిన కుటుంబాలకు ఇంటికి రావడానికి క్రిస్మస్‌ను మినహాయిస్తే పెద్ద సందర్భం ఇదే. లండన్‌లో, బోస్టన్‌లో ఉన్న అన్నదమ్ములు సెలవు పెట్టుకునేది ఈ తేదీలకే, అందుకే ఆదివారానికి జరుపుదాం లాంటి మాట ఎవరూ ఎత్తరు. పబ్‌లు తెల్లవారుజాము 3 గంటల దాకా తెరిచి ఉంటాయి. మొదటి రోజు పొద్దున గుర్రాల సంత, రెండో రోజు పశువుల సంత, వీధి గాయకులు, పిల్లల ఆటలు, ఊరేగింపు, రాత్రికి కచేరీ. వీటిలో చాలావాటికి టికెట్ లేదు. సంచార జాతి అయిన ట్రావెలర్లకు కూడా ఇది తరాల నాటి కూడలి. గుర్రాల బేరాలు, రేకు సామాన్ల మరమ్మతులు, పెళ్లి సంబంధాలు, ఏడాదికోసారి బంధువుల్ని చూసుకోవడం, అన్నీ ఇక్కడే జరిగేవి. ఐర్లండ్ ప్రభుత్వం వాళ్లను ప్రత్యేక జాతిగా గుర్తించింది 2017లో మాత్రమే. అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ వాళ్లను కలుపుకునే ఈ సంత నడుస్తోంది. మేకపోతు మీద వచ్చే కోపమంతా మొత్తం సంత మీద పడితే ఇదంతా కొట్టుకుపోతుందని ఊరివాళ్లకు టెన్షన్, ఆ టెన్షన్ అర్థం చేసుకోకుండా వాళ్లను అనాగరికులు అనడం అన్యాయం.

కానీ ఊరివాళ్లు కూడా ఒక విషయం ఒప్పుకోవాలి. మేకపోతు పైన లేకపోతే ఊరు చచ్చిపోయేంత బలహీనంగా ఇప్పుడు లేదు. 1981లో ఇక్కడే పుట్టిన ఫెక్స్‌కో అనే విదేశీ మారకం కంపెనీ ఇక్కడే ఉండి అంతర్జాతీయంగా ఎదిగింది, పిల్లలకు ఊళ్లోనే ఉద్యోగాలు దొరికాయి. ఐర్లండ్ సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్ ఆడే లాన్ రేంజర్స్ అనే ఊరి క్లబ్ 1888లో పుట్టింది, 1892లోనే కెర్రీ తరఫున ఆల్ ఐర్లండ్ ఫైనల్ ఆడి ఓడిపోయింది, 1996లో దేశంలోని క్లబ్బులన్నింటి మీద గెలిచి కప్పు తెచ్చింది. కెర్రీలో ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఆ కప్పు విలువ వేరే చెప్పక్కర్లేదు. 1960లో రైలు పోయినప్పుడున్న కిలోర్గ్లిన్ వేరు, ఇప్పటి కిలోర్గ్లిన్ వేరు. అప్పుడు గుర్తును పట్టుకుని వేలాడక తప్పలేదు.

కిరీటం పెట్టిన సాయంత్రమే కాసేపు పైకెత్తి, అందరూ చూశాక దించి, ఆ రాత్రే కొండకు చేర్చేస్తే 1808 కథ చెప్పే పని పూర్తయినట్టే, సంత తెరుచుకుందని అందరికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎవరైనా మేకపోతుతో ఫొటో దిగాలంటే వంతెన దగ్గర కిరీటంతో కంచు విగ్రహం ఉండనే ఉంది. నాకు దిగులు పుట్టించేది 11వ తేదీ పొద్దున. సంత రోజు అని పేరున్నది దానికే. ఇంకా కొందరు రైతులు మార్ట్‌కు పోకుండా ఆ ఒక్క రోజు తమ పశువుల్ని వీధిలోకి తోలుకొస్తున్నారు, దుకాణాల ముందు నిలబెడుతున్నారు, చెయ్యి కొట్టి బేరం కుదుర్చుకుంటున్నారు. పబ్‌లు 3 గంటలకు మూసిన రాత్రి తర్వాత వచ్చే పొద్దు అది, టూరిస్టులు ఇంకా నిద్రలోనే ఉంటారు. మంచె గురించి జరిగే ప్రతి సమావేశంలో ఆ రైతుల గురించి కూడా మాట్లాడితే బాగుండును, వాళ్లకు పశువులు తెచ్చే ట్రక్కు ఖర్చు ఎవరిస్తారు, వీధిలో కంచెలు ఎవరు కడతారు, వచ్చే ఏడాది ఎన్ని ఆవులు వస్తాయి అని.