గంజి మాట, గుండ్లకమ్మ సాక్ష్యం

మత మార్పిడుల మీద చర్చ లేచిన ప్రతిసారీ ఒంగోలు చుట్టుపక్కల క్రైస్తవుల గురించి ఒక మాట వినిపిస్తుంది: "కరువులో గంజి పోస్తే మతం మారినవాళ్లు." టీవీ చర్చల్లో అంటారు, ఊళ్లో రచ్చబండ దగ్గరా అంటారు. ఆ మాట పడేది ఒక సంఘం మీద మాత్రమే కాదు, ఆ ప్రాంతపు మాదిగపల్లెల్లోని నాలుగైదు తరాల మనుషుల మీద. మీ తాతముత్తాతలకు ఆకలే తప్ప ఆలోచన లేదని వాళ్ల ముఖం మీదే చెప్పడం అది. ఒంగోలు బాప్తిస్టు సంఘం పుట్టుకను సంవత్సరాల వారీగా చూస్తే ఈ మాట నిలవదు. ఆ సంఘం పుట్టింది 1876-78 కరువుకు దాదాపు పదేళ్ల ముందు. కరువు తీవ్రంగా ఉన్న నెలల్లో దాని బాప్తిస్మాలు ఆగిపోయాయి.

అమెరికన్ బాప్తిస్టులు తెలుగు నేల మీదికి వచ్చింది 1836లో. శామ్యూల్ డే మొదట ఉత్తర సర్కారులో తిరిగి, మద్రాసు చేరి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. తర్వాత చాలా ఏళ్లపాటు ఆ మిషన్‌లో చేరినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇంత ఖర్చుకు ఇంత తక్కువ ఫలితమా అని అమెరికాలో పెద్దలు పదేపదే మూసివేత మాట ఎత్తారు. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన వార్షిక సభలో ఆ ప్రశ్న మళ్లీ వచ్చినప్పుడు, మిషన్ కేంద్రాలను నక్షత్రాలతో గుర్తుపెట్టిన పటంలో నెల్లూరు ఒంటరి చుక్కగా కనిపించింది. దాన్ని చూసి ఒకరు అన్న మాటే తర్వాత ఈ మిషన్‌కు 'ఒంటరి నక్షత్రం' అనే పేరుగా స్థిరపడింది. మూసివేత ఆగింది.

మరుసటి ఏడాది, 1854 జనవరి 1 తెల్లవారుజామున, నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఆ ముగ్గురిలో జూలియా అనే యువతి ఒకరు. ఒంగోలు క్రైస్తవుల ఇళ్లలో ఈ కథ పిల్లలకు అన్నం తినిపిస్తూ చెప్పే కథ. అయితే ఆ కొండ దిగిన తర్వాత కూడా పన్నెండేళ్ల దాకా పెద్దగా ఏమీ జరగలేదు.

అసలు మార్పు మిషన్ బంగళాలో మొదలవలేదు, ఒక తోళ్ల వ్యాపారితో మొదలైంది. ఒంగోలుకు పడమరగా సుమారు 40 మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య. యేసు పేరు వినకముందే ఆయన దేవుడి కోసం వెతుకుతున్న మనిషి. ఒక స్త్రీ గురువు దగ్గర రాజయోగ ఉపదేశం పొందాడు, తానూ కొందరికి గురువయ్యాడు. విగ్రహాల్లో దేవుడు లేడన్న మాట ఆ గురుపరంపరలో అప్పటికే ఉంది. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రైస్తవ బోధ విని, ఇంటికి తిరిగివచ్చి, తన ప్రాంతానికి అలాంటి బోధకుడు ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూశాడు. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ మహా కరువు రావడానికి అప్పటికి ఇంకా పదేళ్లుంది. ఆయనకు ఎవరూ గంజి పోయలేదు.

అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది అదే ఏడాది. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే పేరయ్య పిలుపు మీద క్లౌ తాళ్లకొండపాడు వెళ్తే, చుట్టుపక్కల ఊళ్ల నుంచి స్త్రీపురుషులు తమ తిండి తామే మూటగట్టుకుని వచ్చి ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. చింతతోపులో ఐదు రోజులు కూర్చుని విన్నారు, అడిగారు, ప్రార్థించారు. చివరికి 28 మంది బాప్తిస్మం పొందారు. నా దృష్టిలో ఈ సంఘ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన దృశ్యం ఇదే. బోధకుడు రాకముందే వినేవాళ్లు సిద్ధంగా ఉన్నారు, వాళ్లను సిద్ధం చేసింది తమలో ఒకడైన పేరయ్యే.

ఒంగోలులో మరో సంకటం ఎదురైంది. పైకులాల వారు కొందరు మిషన్ బడి పట్ల, బోధ పట్ల ఆసక్తి చూపుతున్న రోజులవి. మాదిగలను చేర్చుకుంటే మేము రాలేమని వాళ్లు స్పష్టంగా చెప్పారు. ఏం చేయాలో తోచక ఆ రోజు క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కనబడిందని క్లౌ స్వయంగా చెప్పుకున్నారు: ఘనులను కాదు, లోకం నీచంగా చూసినవారినే దేవుడు ఎంచుకున్నాడనే మాటలు. ఆ భార్యాభర్తలు పల్లెల వైపే నిలబడ్డారు. పరువు, డబ్బు, పలుకుబడి ఉన్నవాళ్లు దూరమవుతారని తెలిసే తీసుకున్న నిర్ణయం అది.

సంఘంలో చేరేవాళ్లకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈ రోజు చదివితే చిన్న నియమాల్లాగే కనిపిస్తాయి. ఆనాటి ఊరి కట్టుబాటులో వీటికి ఎంత మూల్యం చెల్లించాలో ఆలోచించాలి. రైతుకు మోటతోలు కుట్టివ్వడం, చెప్పులు కుట్టడం, పిలిచినప్పుడు వెట్టికి పోవడం, జాతరలో డప్పు కొట్టడం మాదిగ బాధ్యత. అందుకు కోత కాలంలో కళ్లంలో కొలిచిచ్చే గింజలే ఏడాది తిండి. చచ్చిన పశువు మాంసం కూడా ఆ కట్టుబాటులో భాగమే. ఆదివారం పనికి రానన్నవాడు, జాతరకు డప్పు పట్టనన్నవాడు ఆ గింజలను పణంగా పెడుతున్నట్టే. కొన్ని ఊళ్లలో కొట్టారు, దొంగతనం మోపారు, నీళ్లకు పోనివ్వలేదు. అన్నం కోసం మారారని మనం అంటున్న మనుషులు, మారినందుకే అన్నం పోగొట్టుకున్న సందర్భాలు ఇవి.

సంఘం నడిచిన తీరు కూడా పల్లె నుంచి వచ్చిందే. మాదిగపల్లెల్లో పూర్వం నుంచీ ఉన్న పంచాయతీ పద్ధతినే క్లౌ సంఘానికి పునాదిగా తీసుకున్నారు. తగవులు తీర్చడం, తప్పు చేసినవాడిని మందలించడం, కొత్తవాళ్లను పరీక్షించడం పల్లె పెద్దల పని. ఊరూరా తిరిగే బోధకుడికి గురువుకు పెట్టినట్టే తిండి పెట్టారు, గింజలు ఇచ్చారు. పెద్దలు, బోధకులు మూడు నెలలకొకసారి ఒంగోలులో కలిసేవారు. పగలు సభలు, లెక్కలు, బైబిలు పాఠాలు; రాత్రి చెట్ల కింద పాటలు. పదుల మైళ్లు నడిచి వచ్చిన మనిషి తన ఊళ్లో ఎవడో ఒకడు, అక్కడ మాత్రం సంఘ సభ్యుడు. ఆ పదేళ్లలో ఇలాగే సుమారు మూడు వేల మంది చేరారు.

ఆ తర్వాత వచ్చింది 1876-78 మహా కరువు. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోయారు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన క్లౌ అందులో మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఇతర చోట్ల మేస్త్రీలు మాదిగలను తిట్టి కొట్టి, కూలి సరిగా ఇవ్వక సతాయిస్తుంటే, ఇక్కడ తమ బోధకులే ముఠాలకు మేస్త్రీలుగా నిలబడ్డారు. తవ్వినంత మట్టికి కూలి. సంఘంలో ఉన్నవాళ్లూ లేనివాళ్లూ వచ్చారు. మధ్యాహ్నం అలసి కూర్చున్నప్పుడు, సాయంత్రం పని దిగాక బోధకులు వాక్యం చెప్పారు, జనం విన్నారు.

ఇక్కడే ఆ నింద మొదలవుతుంది, ఇక్కడే దానికి జవాబూ ఉంది. కాలువ పని, కరువు సాయం నడిచినంత కాలం క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పదిహేను నెలలు. ఆకలితో ఉన్న మనిషి మాటను విశ్వాసంగా లెక్కవేయకూడదన్నది ఆయన పట్టుదల. కూలి డబ్బుల దారి మూసుకుపోయాక, 1878 జూన్‌లో జనం ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్లలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి చేరారు. ఇక సాయం లేదని చెప్పినా కదలలేదు. మాకు డబ్బు వద్దు, మా చేతుల మీది బొబ్బలు చూడండి, పని చేసి బతకగలం. ఈసారీ పంట పోతే చస్తాం, క్రైస్తవులుగా చావనివ్వండి అన్నది వాళ్ల మాటల సారాంశం.

బోధకులు తమ తమ ఊళ్ల జాబితాలు పట్టుకుని ఒక్కొక్కరినీ పిలిచి విచారించారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. రెండో రోజు ఏటిలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులేసుకుని. ఆ రోజు క్లౌ ఒక్కరికీ ఇవ్వలేదు. ఏడాది ముగిసేసరికి 9,606 మంది చేరారు. ప్రపంచంలోని అతిపెద్ద బాప్తిస్టు సంఘాల్లో ఒకటి ఒంగోలు అయింది.

ఆ వేలమందిలో ప్రతి ఒక్కరూ పేరయ్య అంతటివారని నేను అనను. కష్టంలో తమ పక్షాన నిలబడ్డవాళ్ల దేవుణ్ని నమ్మాలనుకోవడం సహజం, అలా వచ్చినవారూ ఉండి ఉంటారు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కానీ తమను మనుషులుగా చూసిన చోటును ఎంచుకోవడం ఒకటి, గంజికి అమ్ముడుపోవడం మరొకటి. రెండూ ఒకటే అనేవాళ్లకు ఎప్పుడూ ఊరి బావి దగ్గర అడ్డు ఎదురై ఉండదు.

తర్వాతి కాలంలో ఒకే సంఘంగా నడపలేనంత మంది కావడంతో 1880ల మొదట్లో కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేరే కేంద్రాలయ్యాయి. లాభం కోసమే మారారన్న వాదనను ఆ కుటుంబాల వారసులు ఇంకో చోట కూడా ఎదుర్కోవలసి వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది కానీ క్రైస్తవులకు కాదు. అదే పల్లె, అదే కూలి పని, అదే ఊరి చూపు ఉన్నా, క్రైస్తవులమని కాగితం మీద రాసుకున్న దళితులు తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీలుగా కాక, వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి కిందికి వస్తారు. వీరికి ఎస్సీ హోదా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. చట్టం మారలేదు.

ఈ సంఘాల గురించి చెప్పేటప్పుడు ఎవరూ తలవని ఒక సంగతి ఉంది. చెరకు తోటల కూలికి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు ఓడలెక్కిన తెలుగువాళ్లలో బాప్తిస్టులూ ఉన్నారు. తమకు ఒక కాపరి కావాలని వాళ్లు అడిగితే, పంపింది అమెరికా కాదు. తెలుగు బాప్తిస్టుల సొంత హోం మిషన్ సంఘం నెల్లూరుకు చెందిన జాన్ రంగయ్యను పంపింది. ఆయన 1903లో నటాల్ చేరారు. ఆ ఏడాది డిసెంబరులోనే కీర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్తిస్టు సంఘం ఏర్పడింది. రంగయ్య మళ్లీ నెల్లూరులో స్థిరపడలేదు. 1915లో నటాల్‌లోనే, ఆ తోటల కూలీల మధ్యనే కన్నుమూశారు.