చేత్తో పెడితే గుర్రం కరుస్తుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

గుర్రాలకు ట్రిక్స్ నేర్పడం నా పని. నాకొచ్చే ఫోన్లలో చాలావాటిది ఒకటే బాధ. "మీరు చెప్పినట్టే క్యారెట్ ముక్కలు పెట్టి నేర్పుతున్నాం సార్. ఇప్పుడది మనిషి కనబడితే చాలు జేబులు పీకుతోంది. నిన్న మా బాబు చేయి కొరికింది. ఇక మానేద్దామా?" వెనకాల లాయంలోంచి ఇంకో గొంతు: "నేను ముందే చెప్పిన గదా, చేత్తో పెడితే గుర్రం చెడిపోతదని."

అపోహ: చేత్తో తిండి పెడితే గుర్రానికి కరిచే అలవాటు వస్తుంది.

రాదు. వేళాపాళా లేకుండా పెడితే వస్తుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లే ఎంతోమంది మంచి పద్ధతిని మధ్యలో వదిలేసి మళ్లీ కొరడా పట్టుకుంటున్నారు.

ఏం జరిగిందో చూడండి. గుర్రం మూతితో మీ జేబును నెట్టింది. "అబ్బ, ఎంత ముద్దుగా అడుగుతోందో" అని నవ్వి మీరో ముక్క పెట్టారు. ఏ పని చేసిన మరుక్షణం తిండి దొరికిందో గుర్రం ఆ పనే మళ్లీ చేస్తుంది. అంటే జేబు పీకడమనే ట్రిక్‌ను మీరే శుభ్రంగా నేర్పారు. సాయంత్రం చుట్టాలొచ్చి బిస్కెట్లు పెట్టారు, పిల్లలు బెల్లం పెట్టారు. పాఠం ఇంకా గట్టిపడింది.

నేను ఏ గుర్రానికైనా నేర్పే మొదటి పాఠం నమస్కారమూ కాదు, కాలు ఎత్తడమూ కాదు. మనిషి దగ్గర తిండి ఉన్నా మొహం తిప్పుకుని నిలబడటం. గుర్రం గేటు లోపల, నేను బయట. నడుముకు ముక్కల సంచి. అది గేటు మీదుగా మెడ చాచి వాసన చూస్తుంది, సంచిని కెలకాలని చూస్తుంది. నేను కదలను, తిట్టను, దాని మూతిని తోసేయను. విసుగొచ్చి ఏదో ఒక క్షణంలో తల పక్కకు తిప్పుతుంది. ఆ క్షణమే క్లిక్, అంటే చేతిలోని క్లిక్కర్ అనే చిన్న పరికరాన్ని నొక్కితే వచ్చే శబ్దం. నువ్వు చేసింది సరైనదే, ముక్క వస్తోందని గుర్రానికి అదే గుర్తు. ఆ తర్వాతే ముక్క. అదీ నా ఒంటి దగ్గర కాదు, చేయి బాగా చాపి, దాని తల ఎక్కడ ఉండాలనుకుంటున్నానో అక్కడ, దాని ఛాతీకి ఎదురుగా. ముక్క దొరికే చోటే గుర్రం తల నిలుస్తుంది. పద్ధతి మొత్తంలో సగం ఇదే.

అరచేయి పలకలా చాచాలి, బొటనవేలు అతుక్కుని ఉండాలి. గుర్రానికి తన మూతి కిందున్నది కనిపించదు. పెదాలతో, మీసాలతో తడుముకుని తింటుంది. పైకి లేచిన వేలు క్యారెట్ ముక్కలాగే తగులుతుంది, అందులో దానికి కోపమేమీ లేదు. భయంగా ఉంటే చేత్తో పెట్టనే వద్దు, చిన్న బేసిన్‌లో వేయండి. పాఠం ఒకటే. పిల్లలున్న ఇళ్లవాళ్లకు నేను బేసినే చెబుతాను. భయపడటం తప్పేం కాదు, నాలుగైదు వందల కిలోల జంతువు అది.

ఇంకో చోట చాలామంది ఓడిపోతారు. జేబు పీకితే పెట్టకూడదని గట్టిగా నిర్ణయించుకుంటారు. గుర్రం ఊరుకోదు. నిన్నటిదాకా పనిచేసిన కిటుకు ఇవాళ పనిచేయకపోతే ఇంకా గట్టిగా నెడుతుంది, గిట్టతో నేల తవ్వుతుంది. ఆ అలవాటు చచ్చేముందు అలా ఒకసారి ఎగిసిపడుతుంది. సరిగ్గా అప్పుడే టెన్షన్ పడి ఒక్క ముక్క పడేస్తారు. దాంతో గట్టిగా నెడితేనే దొరుకుతుందని నేర్పినట్టయింది. ఆ కాసేపు గేటు బయట ఉంటే ఎవరికీ దెబ్బ తగలదు, మీకూ ఓపిక నిలుస్తుంది.

మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్‌లో రేసుల నుంచి రిటైరైన గుర్రం ఉండేది. ఇంట్లో అందరూ బిస్కెట్లు పెట్టేవాళ్లు. ఒకరోజు అది పెద్దాయన చొక్కా జేబు చింపింది. గుర్రాన్ని చూసుకునే సాయిస్ దాని మూతి మీద రెండేశాడు. "అన్నా, రెండు దెబ్బలేస్తే దారికొస్తది" అన్నాడు నాతో కూడా. రాలేదు. నేను వెళ్లేసరికి చేయి ఎత్తితే చాలు తల విసిరేస్తోంది. అంతకుముందు కరిచేముందు చెవులు వెనక్కి వాల్చి హెచ్చరించేదట, దెబ్బల తర్వాత ఆ హెచ్చరిక కూడా మానేసింది. జీను పటకాను పొట్ట కింద బిగిస్తుంటే కూడా కరవబోవడం చూసి ముందు డాక్టర్ని పిలిపించాను. కడుపులో పుండ్లు. రేసు గుర్రాల్లో ఇది బాగా కనిపించేదే. మందు పడింది, మేతలో గడ్డి పెంచారు, గేటు పాఠం మొదలైంది. తర్వాత అదే గుర్రం, అదే సాయిస్ ముందు, సంచి కనబడగానే మొహం తిప్పుకుని నిలబడేది. ఇప్పుడు ఆ ఇంట్లో చుట్టాలకు క్లాసు పీకేది ఆ సాయిసే.

అపోహ: ఆకలి మీదుంటే బాగా నేర్చుకుంటుంది.

దయచేసి ఈ పని చేయకండి. గుర్రం కడుపులో ఆమ్లం రాత్రీపగలూ ఊరుతూనే ఉంటుంది, వదిలేస్తే రోజులో పదహారు గంటల దాకా మేసే జీవి. ఖాళీ కడుపుతో తెస్తే లాక్కుంటుంది, మీరు కరుస్తోందంటారు. ముందు గడ్డి, తర్వాత పాఠం. క్యారెట్‌ను చక్రాల్లా కాకుండా నిలువుగా కోయండి, గొంతుకు అడ్డం పడదు. గిట్టల వాపు వచ్చిన గుర్రానికి బెల్లం, చక్కెర అసలు వద్దు.

అపోహ: గుర్రానికి అంత బుర్ర ఉండదు.

2016లో నార్వే పరిశోధకులు 23 గుర్రాలకు తిండి బహుమతిగా ఇస్తూ మూడు గుర్తులు నేర్పారు: దుప్పటి కప్పమని ఒకటి, తీసేయమని ఒకటి, ఉన్నదున్నట్టు ఉంచమని ఒకటి. రెండు వారాల్లో అన్నీ నేర్చుకున్నాయి. చలీ తడీ ఉన్న రోజు కప్పమనీ, వెచ్చగా ఉన్న రోజు తీసేయమనీ ముక్కుతో తాకి చెప్పాయి.

అలాగని లెక్కలు చేస్తుందని నమ్మకండి. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం గిట్టతో కొట్టి కూడికలు చెప్పేది. అడిగే మనిషి తల చిన్నగా కదలడం చూసి అది ఆగుతోందని 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తేల్చాడు. ఇందులో మనకు పనికొచ్చేది ఉంది: క్లిక్ కంటే ముందే మీ చేయి సంచిలోకి వెళ్తే గుర్రం శబ్దాన్ని వదిలేసి చేతినే చూస్తుంది. ముందు శబ్దం, తర్వాతే చేయి.

మిగతావి గబగబా.

క్లిక్కర్ లేకపోతే "భేష్" లాంటి పొట్టి మాట చాలు. నాలుకతో టక్ టక్ మాత్రం వద్దు, మన సాయిస్‌లు గుర్రాన్ని నడిపించేది దాంతోనే. పై పెదవి ఎత్తితే నవ్వు కాదు, వాసనను లోపలికి లాక్కుంటోంది. అయినా ఆ క్షణంలో క్లిక్ చేసి దాన్ని ట్రిక్‌గా మార్చుకోవచ్చు. వంగి దండం పెట్టించడానికి కాలికి తాడు కట్టాల్సిన పని లేదు, ముక్కను ముందుకాళ్ల మధ్యకు తీసుకెళ్తే అదే వంగుతుంది. ముసలి గుర్రాల చేత, కీళ్లు పట్టేసిన వాటి చేత చేయించకండి. కాలు ఎత్తడం నేర్పాక, మీరు అడగనప్పుడు ఎత్తితే ముక్క లేదు. ఆ గిట్ట తగిలేది ఎదురుగా నిలబడ్డ పిల్లలకే.

వెనక కాళ్ల మీద నిలబడటం నేర్పమని బరాత్ వాళ్లు అడుగుతుంటారు, డబ్బు కూడా బాగానే ఇస్తామంటారు. నేర్పను. బ్యాండూ, టపాసులూ, పైన పెళ్లికొడుకూ ఉన్నప్పుడు గుర్రం అది తనంతట తానే గుర్తు తెచ్చుకుంటే కింద ఉన్న జనం ఎక్కడికి పోతారు?