‘పాప్ 2’ అంటే రెండే ఉన్నాయనా?

మన గుంటూరు, విజయవాడ నాణేల గ్రూపుల్లో ఇప్పుడు ఎవరైనా గ్రేడింగ్ చేయించిన (నాణెం ఎంత బాగుందో కంపెనీ చేత అంకె వేయించిన) వెండి రూపాయి అమ్మకానికి పెడితే కింద ‘పాప్ 2/0’ అని ఒక ముక్క తగిలిస్తున్నారు. పాప్ అంటే పాపులేషన్, ఆ గ్రేడులో రెండున్నాయి, అంతకు పై గ్రేడులో ఒక్కటీ లేదు అని దానర్థం. చూడగానే కొనేవాడికి టెన్షన్ మొదలవుతుంది, ఇప్పుడు వదిలేస్తే మళ్లీ దొరకదేమోనని. నిజానికి ఒక కంపెనీ ఆ నాణేనికి ఆ గ్రేడు ఎన్నిసార్లు ఇచ్చిందో అంతవరకే ఆ అంకె చెబుతుంది. లోకంలో ఎన్ని ఉన్నాయో దానికి తెలియదు.

ఈ అంకెల గోల అమెరికాలో మొదలైంది. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన అక్కడి పాత పెద్ద సెంట్ నాణేల మీద పుస్తకం రాస్తూ 1 నుంచి 70 దాకా ఒక కొలత పెట్టాడు. ఆయన చూసింది ధర లెక్క: పూర్తిగా అరిగిన నాణెం ఒక డాలరైతే 70 గ్రేడుది డెబ్భై డాలర్లు. (న్యూయార్క్‌లో అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోంచి మంచి సెంట్లు తీసేసి, వాటి స్థానంలో తన దగ్గరున్న తక్కువ రకానివి పెట్టాడని ఆయన పోయాక బయటపడింది, అదో పెద్ద కథ.) ధరల సూత్రం కొన్నాళ్లకే పనికిరాకుండా పోయింది, అంకెలు మాత్రం మిగిలాయి.

ఆ అంకె వేసేది ఎవరు? చాలాకాలం అమ్మేవాడే. అమ్మేటప్పుడు 65 అన్న నాణేన్ని అదే వ్యాపారి తిరిగి కొనేటప్పుడు 63 అనేవాడు. ఈ తగాదా తీర్చడానికి ఏఎన్ఏసీఎస్ సంస్థ 1979 నుంచి గ్రేడు వేసి ఫొటో సర్టిఫికెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు వచ్చి నాణేన్ని ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి, లోపల లేబుల్ పెట్టి ఇచ్చాయి. ఏ నాణేనికి ఏ గ్రేడు ఎన్నిసార్లు ఇచ్చామో ఆ పట్టిక కూడా బయటపెట్టాయి. దుకాణం కొత్తగా తెరిచిన రోజుల్లో ఏ గడిలో చూసినా చిన్న అంకెలే ఉంటాయి కదా, జనం దాన్నే అరుదు అనుకున్నారు. 1989లో అక్కడ నాణేల ధరలు ఆకాశానికెక్కి, ఆ వెంటనే కూలిపోయాయి. పట్టికలో అంకెలు మాత్రం పెరుగుతూనే పోయాయి.

పెరగడానికి అసలు కారణం కొత్త నాణేలు రావడం ఒక్కటే కాదు. 64కీ 65కీ మధ్య ధర కొన్ని నాణేలకు రెండు మూడు రెట్లు ఉంటుంది. అందుకని 64 వచ్చినవాడు డబ్బా అంచు కట్టింగ్ ప్లేయరుతో పగలగొట్టి నాణెం బయటికి తీసి, లేబుల్ చెత్తబుట్టలో పడేసి, కొత్తదానిలా మళ్లీ పంపిస్తాడు. మూడుసార్లు 64 వచ్చి నాలుగోసారి 65 వస్తే పట్టికలో నాలుగు నాణేలు, చేతిలో ఒకటి. దసరాకి ఇంద్రకీలాద్రి మీద క్యూలో రెండుసార్లు నిలబడిన మనిషిని ఇద్దరు భక్తులుగా లెక్కేసినట్టే. పాత లేబుల్ తిరిగి పంపితే కంపెనీలు ఆ ఎంట్రీ తీసేస్తాయి, కానీ అంత ఓపిక ఎవరికి? పైగా ఎన్‌జీసీ డబ్బాలోంచి తీసి పీసీజీఎస్‌కి పంపిన నాణెం రెండు పట్టికల్లోనూ ఉంటుంది.

2010లో పీసీజీఎస్ నాణేన్ని లేజర్‌తో స్కాన్ చేసి, మళ్లీ వస్తే గుర్తుపట్టే పద్ధతి తెచ్చింది. మంచి పనే, కానీ అప్పటికే పాతికేళ్లుగా పేరుకుపోయిన ఎంట్రీలను అది ఏం చేయగలదు? 1913 లిబర్టీ నికెల్ (అమెరికా ఐదు సెంట్ల నాణెం) లాంటివాటికి ఈ బాధ లేదు, ఉన్నవి ఐదే, ఒక్కోటి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో చరిత్ర రాసి ఉంది. అనుమానమంతా మధ్యరకం ఖరీదైన వాటితోనే.

మన నాణేల దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. ఇక్కడ లెక్క ఎక్కువ పడటం కన్నా తక్కువ పడటమే ఎక్కువని నా అభిప్రాయం. దేవుడి గూట్లో ఉన్న జార్జి రూపాయిని ప్రతి పండక్కీ విబూదితోనో చింతపండుతోనో తళతళా తోమేస్తాం, వెలుతురులో వంచి చూస్తే రాజు బుగ్గ మీద వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తాయి, అలాంటిదానికి మామూలు గ్రేడు అంకె రాదు. బాగున్నవాటిలోనూ గ్రేడింగ్ ఖర్చు నాణెం ధరని మించిపోయేవే చాలా ఉంటాయి, వాటిని ఎవరూ పంపరు. ఇక 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. కాబట్టి గుంటూరు బీరువాలోని 1911 రూపాయి అమెరికాలో గ్రేడర్ ముందుకు వెళ్లే దారి దాదాపు లేదు. రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవైన రూపాయి అదే. కొట్టినవి దాదాపు 94 లక్షలు, జనంలోకి వెళ్లినవి ఏడు లక్షలు, మిగతావి కరిగించారని క్యాటలాగులు చెబుతాయి. ఆ ఏడు లక్షల్లో వెండి రేటు పెరిగినప్పుడల్లా పట్టీలుగా మారినవి ఎన్నో ఏ పట్టికలోనూ లేదు.

ఇంకో చిక్కు. 1862 అని తేదీ ఉన్న విక్టోరియా రూపాయిల్ని అదే తేదీతో 1874 దాకా కొట్టారు, ఏ ఏడాదిదో నాణెం మీది చుక్కల్ని బట్టి తెలుసుకోవాలి. చుక్కల రకాలన్నీ విడదీసి లేబుల్ వేస్తే ప్రతి గడిలోనూ ఒకటో రెండో మిగులుతాయి, కలిపేస్తే అరుదైనది కూడా మామూలుగా కనిపిస్తుంది. అందుకే ఎవరైనా ‘పాప్ 2’ చూపిస్తే ఆ ఒక్క గడి చూసి ఆగకండి. ఆ రూపాయికి కింది గ్రేడుల్లో ఎన్ని ఉన్నాయో, అదే రకం వేరే లేబుల్ కింద ఎక్కడైనా ఉందేమో, రెండో కంపెనీ పట్టికలో ఏముందో చూడండి. లేబుల్ మీది సర్టిఫికెట్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే కొన్నిటికి ఫొటో కూడా వస్తుంది. పాత వేలం ఫొటోలతో పోల్చితే ఆ ‘రెండు’లో రెండోది కూడా ఇదేనేమో ఒక్కోసారి తేలిపోతుంది.