ఊబి అంటే భయం, జీన్స్ అంటే నమ్మకం: పీట్ కొండల నడకపై అపోహలు – వాస్తవాలు

ఏటా వేసవిలో కొంతమందిని ఐర్లండ్‌లోని విక్లో కొండల్లో నడకకు తీసుకెళ్తాను. మిగతా ఏడాదంతా కొండపల్లి, కొండవీడు. ఐర్లండ్ ప్రయాణానికి ముందు విజయవాడలో ఒక సమావేశం పెడతాను. వచ్చేవాళ్లలో చాలామంది డబ్లిన్‌లో కొడుకో కూతురో ఉన్న తల్లిదండ్రులు. నేను మ్యాపు తెరవకముందే ఒక చెయ్యి లేస్తుంది: "అక్కడి నేలలో మనిషి దిగబడిపోతాడట కదా?" వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతుంటుంది. అది ఏ దేశానిదో, అందులో ఉన్నది బురదో ఇసుకో కూడా ఎవరికీ తెలియదు. అదే మనిషి సమావేశం అయిపోయి చెప్పులు వేసుకుంటూ, "జీన్స్ సరిపోతాయిలెండి, అక్కడా వేసవే కదా" అంటారు. నన్ను భయపెట్టేది ఈ రెండో మాట.

అపోహ: పీట్ నేల మనిషిని మింగేస్తుంది.

మింగదు. పీట్ అంటే తడిలో కుళ్లకుండా నాచు పొరలు పొరలుగా పేరుకుని ఏర్పడిన మెత్తటి నేల. విక్లో కొండల మీద దుప్పటిలా పరుచుకున్న పీట్ లోతు చాలాచోట్ల రెండు మూడు మీటర్లకు మించదు. నీళ్లు నిండిన పీట్ మన శరీరం కన్నా బరువైనది కాబట్టి నిలువునా మునిగిపోవడం జరగదు. మోకాలి వరకు, ఖర్మ కాలితే తొడ వరకు దిగుతారు. అప్పుడు గింజుకోకుండా వెనక్కి వాలి, బరువును వెడల్పుగా పరచి, కాలిని అటూ ఇటూ కదిలిస్తూ మెల్లగా లాక్కోవాలి. బూటు పోతే పోవచ్చు, మనిషి వస్తాడు. పచ్చగా మెరిసే నాచు కనిపించిన చోట అడుగు వేయకపోతే ఈ ముచ్చటే ఉండదు.

"మరి మ్యూజియంలో ఆ శవాలు?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. డబ్లిన్ నేషనల్ మ్యూజియంలో రెండు వేల ఏళ్లు దాటిన దేహాలు ఉన్న మాట నిజమే. వాటిలో ఓల్డ్ క్రోగన్, క్లోనీకావన్ మనుషులు 2003లో పీట్ నేలలో బయటపడ్డారు. కానీ వాళ్లెవరూ నడుస్తూ మునిగిపోయినవాళ్లు కాదు. ఎవరో చంపి అక్కడ పడేశారు. ఆమ్లపు నీళ్లు, గాలి చొరబడని పీట్ కలిసి వాళ్ల చర్మాన్నీ వెంట్రుకలనూ కాపాడాయి. నేరం మనుషులది, నింద నేలకు.

అపోహ: జూలైలో వెళ్తున్నాం, చలి ఏముంటుంది?

ఇదీ అసలు ముప్పు. సమావేశంలో సగం సమయం దీనికే పోతుంది. పోనీ.

జూలైలో డబ్లిన్ పగటి వేడి 19, 20 డిగ్రీలు. కొండ మీదకు ప్రతి వంద మీటర్లకు అర డిగ్రీ పైనే తగ్గుతుంది. అంటే పైన 16 డిగ్రీలు అనుకోండి. వినడానికి హాయిగానే ఉంటుంది. మనం ఏసీ 24 మీద పెట్టుకుని దుప్పటి కప్పుకునేవాళ్లం. ఆ 16 డిగ్రీల్లో, తడిసిన బట్టలతో, పూర్తి వేగంతో తిరిగే పంకా కింద మూడు గంటలు నిలబడటాన్ని ఊహించుకోండి. పీట్ ఉన్న కొండ అంటేనే ఏడాది పొడవునా తుంపర ఆగని కొండ. అలా తడి ఆరకపోబట్టే అక్కడ నాచు కుళ్లకుండా పీట్‌గా పేరుకుంది. ఆ నేల మీదకు వెళ్తూ వాన పడదని ఆశపడితే ఎలా?

గాలి కన్నా నీరు దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. మన ఎండలకు ప్రాణదాత అయిన నూలు బట్ట అక్కడ శత్రువు. జీన్స్, కాటన్ చుడీదార్, లోపలి బనియన్ అన్నీ ఒకటే. తడిస్తే ఆరవు, ఒంటికి అతుక్కుపోతాయి. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కన్నా తగ్గితే హైపోథెర్మియా. దానికి మంచు అక్కర్లేదు, సున్నా డిగ్రీలూ అక్కర్లేదు.

ఒకసారి మా బృందంలో గుంటూరు నుంచి రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు వచ్చారు. గ్లెండలోక్ దగ్గర స్పింక్ అనే కొండగట్టు ఎక్కుతున్నాం. ఆరు వందలకు పైగా చెక్క మెట్లు. మాస్టారు ఒక్కో మెట్టూ గట్టిగా లెక్కపెడుతూ, మధ్యలో ఆయాసపడే వాళ్లను ఆట పట్టిస్తూ అందరికన్నా ముందున్నారు. వాన ప్యాంటు ఇస్తే, "ఈ ప్లాస్టిక్ లాగు నాకెందుకమ్మా" అని నవ్వి జీన్స్‌తోనే వచ్చారు. గట్టు మీదకు చేరేసరికి తుంపర మొదలైంది. కింద సరస్సు కనిపించడం లేదు, గాలి మాత్రం అటునుంచే కొడుతోంది. కాసేపటికి మాస్టారు వెనకబడ్డారు. పలకరిస్తే జవాబు ఆలస్యంగా వస్తోంది. పల్లీ చిక్కీ చేతికిచ్చాను. కవరు చించడానికి ప్రయత్నిస్తున్నారు. వేళ్లు అంచు మీద పడటం లేదు, పక్కన ఖాళీ గాలిని గిల్లుతున్నాయి. ఆ కవరు వైపు ఆయన ఆశ్చర్యంగా చూస్తున్నారు. "ఏమీ లేదమ్మా, కాస్త అలసట" అన్నారు.

"పదిహేడో ఎక్కం చెప్పండి మాస్టారూ" అన్నాను. పదిహేడు మూళ్ల దగ్గర ఆగిపోయారు.

గాలి తగలని చోట అత్యవసర గుడారం విప్పి అందరం లోపల దగ్గరగా కూర్చున్నాం. తడి బట్టలు మార్పించి, ఉన్ని స్వెట్టరు తొడిగి, ఫ్లాస్కులోని చక్కెర ఎక్కువ వేసిన టీ తాగించాం. చేతులూ కాళ్లూ రుద్దబోయిన వాళ్లను ఆపాను, అలా రుద్దకూడదు. బ్రాందీ చుక్క వేస్తే వెచ్చబడతారని ఇంకొకాయన సలహా. అది ఇంకా ప్రమాదం, ఉన్న వేడి కాస్తా పోతుంది. "పదిహేడు పదులు నూట డెబ్బై" అని మాస్టారు తనంతట తానే పూర్తి చేశాకే కదిలి, వచ్చిన దారినే దిగిపోయాం.

కాబట్టి వణుకు, మాట తడబాటు, వేళ్లు మొద్దుబారడం, అడుగు తూలడం కనిపిస్తే "అలసట" అన్న మాట నమ్మకండి. తడి బట్టల్లోనే ఉండి వణుకు ఆగిపోయిందంటే తగ్గిందని కాదు, ముదిరిందని. మన పెద్దవాళ్లు ఎవరికీ ఇబ్బంది కలిగించకూడదని బాధ దాచుకుంటారు. పక్కవాళ్లే కనిపెట్టాలి.

ఖరీదైన సామాను కొనమని నేను చెప్పను. కొన్ని బృందాల జాబితా కొండవీటి చాంతాడంత ఉంటుంది, చూస్తేనే నాకు నీరసం. త్వరగా ఆరే పాలిస్టర్ ప్యాంటు, ఉన్ని స్వెట్టరు, చీలమండ పైదాకా వచ్చే బూట్లు, బీసెంట్ రోడ్డులో దొరికే రెండు ముక్కల స్కూటర్ రెయిన్‌కోటు ఉంటే చాలు. గొడుగు ఇంట్లో వదిలేయండి. పిల్లలు ఎంత వెక్కిరించినా మంకీ క్యాప్ మాత్రం పెట్టుకోండి. ఉన్నిదైతే తడిసినా కొంత వెచ్చగానే ఉంటుంది.

అపోహ: దారి బురదగా ఉంటే పక్కనున్న గడ్డి మీద నడవాలి.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం కదా, బురద కనపడగానే పాదం తనంతట తానే పక్కకు పోతుంది. అక్కడ మాత్రం అడుసే తొక్కాలి. పీట్ ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. బూటు మడమ దిగిన పది సెంటీమీటర్ల గుంట వందేళ్ల పెరుగుదల. ఒకరు పక్కకు తప్పుకుంటే పైనున్న నాచు పోతుంది, వాన నీరు ఆ గాటులో పారుతుంది, తర్వాతి మనిషి ఇంకాస్త పక్కకు జరుగుతాడు. అందుకే స్పింక్ మీద రైలు పట్టాల కింద ఉండే పాత చెక్క స్లీపర్లు పరిచి, జారకుండా పైన ఇనుప వల బిగించారు. వల ఊడిన చోట స్లీపరు సబ్బులా ఉంటుంది, చూసి అడుగేయండి.

మిగతావి గబగబా. పాములుంటాయా? ఐర్లండ్‌లో సహజంగా పాములే లేవు. పిడుదులు ఉంటాయి, సాయంత్రం కాళ్లు చూసుకోండి. వాగు నీళ్లు టీ రంగులో ఉంటే విషమా? ఆ రంగు పీట్‌ది. అయినా పైన ఏ గొర్రె చచ్చి పడుందో తెలియదు, కాచకుండా తాగకండి. తడినేలకు నిప్పు అంటుకోదా? ఎండు రోజుల్లో అంటుకుంటుంది, పైన మంట ఆరినా లోపల కాలుతూనే ఉంటుంది. కాబట్టి పొయ్యి, సిగరెట్టు వద్దు. మన దేశంలో పీట్ లేదా? నీలగిరుల ఎగువ లోయల్లో ఉంది. దాని పొరల నుంచి 20,000 ఏళ్ల కిందటి వాతావరణాన్ని శాస్త్రజ్ఞులు చదివారు.

అపోహ: సహాయం పిలిస్తే లక్షల్లో బిల్లు వస్తుంది.

ఇది ఎవరు పుట్టించారో గానీ, దీనివల్ల ఫోను చేయాల్సిన గంట చేతులారా పోగొట్టుకుంటున్నారు. కొడుకు మీద భారం పడుతుందని ఆ తల్లిదండ్రుల ఆరాటం, అది నాకు అర్థమవుతుంది. ఐర్లండ్‌లో మౌంటెన్ రెస్క్యూ వాళ్లు స్వచ్ఛంద సేవకులు. డబ్బు తీసుకోరు. 112కు గానీ 999కు గానీ చేసి "మౌంటెన్ రెస్క్యూ" అని అడగండి. ఇంగ్లీషు తడబడినా ఫరవాలేదు, ఏ దారిలో ఉన్నారో, ఎంతమంది ఉన్నారో, ఎవరికి ఏమైందో చెబితే చాలు. కొండలోయల్లో సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి వెళ్లే దారి పేరు, తిరిగి వచ్చే సమయం పొద్దున్నే పిల్లలకు మెసేజ్ పెట్టండి. ఆ సమయం దాటితే వాళ్లనే 112కు ఫోను చేయమనండి.