టాపెట్ల సౌండ్ పోయిందని సంబరపడకండి: ఇంట్లో వాల్వ్ సెట్టింగ్ గురించి అపోహలు, వాస్తవాలు

ఆటోనగర్‌లో మా షెడ్డుకి రెండు రకాల ఫోన్లు వస్తుంటాయి. మొదటి రకం: "అన్నా, టాపెట్లు కొట్టుకుంటున్నాయి, కొంచెం టైట్ చేసి సౌండ్ తీసేస్తారా?" రెండో రకం నాలుగైదు నెలల తర్వాత వస్తుంది: "సౌండ్ ఎప్పుడో పోయిందన్నా, ఇప్పుడు పికప్ కూడా పోయింది." మొదటి రకంవాళ్లు రెండో రకంలోకి వెళ్లకుండా ఉండాలనే ఇది రాస్తున్నాను.

టాపెట్ సెట్టింగ్ అంటే వాల్వుకీ, క్యామ్ తిరిగేటప్పుడు దాన్ని నొక్కి తెరిచే రాకర్‌కీ మధ్య ఉండే సన్నటి గ్యాప్‌ని సరిచేయడం. నేను రాసేది ఆ గ్యాప్‌కి స్క్రూ, లాక్ నట్ ఉండే ఇంజిన్ల గురించి. ముఖ్యంగా మన దేశంలో అమ్మిన మొదటి తరం హోండా సిటీ 1.5 వీటెక్ (ఇంజిన్ వేగం పెరిగితే వాల్వుల్ని ఇంకా ఎక్కువ తెరిచే హోండా ఏర్పాటు) గురించి. 106 హార్స్‌పవర్ బండి, 2003లోనే ఆ తరం ఆగిపోయింది. అయినా బెజవాడ, గుంటూరు కుర్రాళ్లు ఇప్పటికీ వెతికి వెతికి కొంటున్నారు. కొని హైవే ఎక్కి గన్నవరం దాకా ఒక రౌండ్ వేసి నేరుగా మా దగ్గరికే వస్తారు.

మీ బండిలో ఆయిల్ ప్రెషర్‌తో గ్యాప్‌ని తామే సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లుంటే, అంటే స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌లోని 1.8 టర్బో లాంటిదైతే, అక్కడ సెట్ చేయడానికి ఏమీ లేదు. ఎవరైనా "టాపెట్ సెట్టింగ్" అని బిల్లు రాస్తే ఏ స్క్రూ తిప్పారో చూపించమనండి. స్క్రూ లేకుండా బకెట్లు గానీ షిమ్ములు (పలుచటి బిళ్లలు) గానీ మార్చే రకమైతే మొదటిసారే దాని జోలికి పోకండి. క్యామ్ దించాల్సి రావచ్చు, అది వేరే కథ.

అపోహ: సౌండ్ వస్తోందంటే టాపెట్లు లూజు. సౌండ్ పోయేదాకా టైట్ చేస్తే సరి.

జనం జేబుకి అన్నిటికన్నా పెద్ద చిల్లు పెట్టేది ఇదే. అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఇంజిన్ 6000 ఆర్‌పీఎంలో ఉంటే ఒక్కో వాల్వు సెకనుకి 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు మీదుగా పోయేది మండిన గ్యాసు. ఆ వేడి వాల్వు నుంచి దిగిపోవడానికి ఉన్న పెద్ద దారి సీటే, అంటే మూసుకున్నప్పుడు వాల్వు ఆనే రింగే. వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చున్న ఆ కాస్త సమయంలోనే వేడి సీటులోకి, అక్కడి నుంచి హెడ్డులోకి, కూలెంట్‌లోకి పోతుంది. రాకర్‌కీ వాల్వుకీ మధ్య గ్యాప్ లేకపోతే వాల్వు సీటు మీద సరిగ్గా కూర్చోదు. కూర్చోకపోతే చల్లబడదు. పైగా ఆ సందులోంచి మంట బయటికి తన్నుతూ అంచుని కోసేస్తుంది. వాల్వు కాలిపోయింది అని మేం చెప్పేది దీన్నే.

ఈ సిటీ ఇంజిన్‌కి గ్యాప్ కొలతలు చూడండి: ఇన్‌టేక్ 0.18 నుంచి 0.22 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.23 నుంచి 0.27. రెండు మూడు వెంట్రుకల మందం. అంత గ్యాప్ ఉన్నచోట రాకర్ వాల్వుని తట్టినప్పుడు కుట్టుమిషన్‌లా టిక్‌టిక్ అనకుండా ఎలా ఉంటుంది? ఆ చప్పుడు ఉండాల్సిందే. లూజు అయితే చప్పుడు పెరుగుతుంది, పెరిగితే మనకి తెలుస్తుంది, సరిచేసుకుంటాం. టైటు అయితే చప్పుడే ఉండదు. ఏ హెచ్చరికా లేకుండా లోపల వాల్వు కాలిపోతుంటుంది.

ఇంకో తిరకాసు ఉంది. అన్నీ వాడుతుంటే అరుగుతాయి, అరిగితే లూజవుతాయి అని మనం అనుకుంటాం. వాల్వు సీటు అరిగితే మాత్రం లెక్క తిరగబడుతుంది. వాల్వు సీటులోకి కూరుకుపోయిన కొద్దీ దాని కాడ రాకర్ వైపు పైకి వస్తుంది, గ్యాప్ తగ్గుతుంది. అంటే బండి పాతబడే కొద్దీ ఎగ్జాస్ట్ వైపు తనంతట తానే టైటై సైలెంటు కావచ్చు. "నా బండి లక్ష కిలోమీటర్లు తిరిగింది, టాపెట్ల సౌండే లేదు" అని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. గ్యాస్ కిట్టు ఉన్న బండ్లలో సీటు ఇంకా త్వరగా అరుగుతుంది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ పొడి ఇంధనాలు మరి. కిట్టు ఉన్నవాళ్లు మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకుండా ముందే గ్యాప్ చూపించుకోండి.

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక కుర్రాడొచ్చాడు. ఇంజినీరింగ్ అయిపోయి మొదటి ఉద్యోగం, మొదటి జీతాల డబ్బుతో కొన్న వీటెక్. కొన్న వారానికే ఎవరో "టాపెట్లు కొడుతున్నాయి" అన్నారట. దారిలో ఒక షెడ్డులో ఇంజిన్ ఆన్‌లో ఉండగానే స్క్రూలు తిప్పి సైలెంట్ చేసి ఇచ్చారు. మూడు వందలే తీసుకున్నారని సంతోషపడ్డాడు. నాలుగు నెలలకి పొద్దున స్టార్ట్ చేయగానే వణుకు, ఒక సిలిండర్ మిస్సింగ్. వేడెక్కాక కాస్త సర్దుకునేది. ప్లగ్గులు మార్చాడు, కాయిల్ మార్చాడు, ఇంజెక్టర్లు క్లీన్ చేయించాడు. చివరికి నా దగ్గరికి వస్తే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) చూశాను. మిగతా మూడు సిలిండర్లు 170 పీఎస్‌ఐ దాటాయి, మూడో నంబర్ సిలిండర్ 90 దగ్గర ఆగిపోయింది. ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పెట్టి సైలెన్సర్ దగ్గర చెవి పెట్టమన్నాను. బుస్సుమని వినపడింది వాడికి. హెడ్ దించి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వు అంచు విరిగిన అప్పడంలా ఉంది. వాల్వులు, సీట్ కటింగ్, ఆయిల్ సీళ్లు, హెడ్ గాస్కెట్, పనిలో పనిగా టైమింగ్ బెల్టు: మొత్తం 38,000. వాడి మొహం చూడలేక నేను టీకి బయటికి వెళ్లిపోయాను.

ఆ షెడ్డువాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. నేర్చుకునే రోజుల్లో నేనూ అదే చేశాను. ఒక స్కూల్ వ్యాను, సౌండ్ బాగా వస్తోందని డ్రైవర్ గొణుగుతుంటే మెప్పు కోసం టైట్ చేసి పంపాను. డ్రైవర్ నాకు పునుగులు కూడా తినిపించాడు. సాయంత్రం మా మేస్త్రికి తెలిసి బండి వెనక్కి పిలిపించి, నా చెవి పట్టుకుని, "దీంతో టాపెట్ సెట్ చేసేవాడివైతే నేను ఫిల్లర్ గేజ్ ఎందుకు కొన్నానురా?" అన్నాడు. ఫిల్లర్ గేజ్ అంటే గ్యాప్ కొలిచే సన్నటి రేకుల కట్ట. మర్నాడు తెల్లారకముందే వచ్చి అన్ని వాల్వులూ మళ్లీ సెట్ చేశాను, చెవి ఇంకా మండుతూనే ఉంది.

అసలు మీరు వినేది టాపెట్ చప్పుడేనా అన్నది ముందు చూసుకోండి. ఇంజెక్టర్లు కూడా టిక్‌టిక్ అంటాయి. పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజెక్టర్ మీద పెట్టి పిడి చెవికి ఆనిస్తే తేలిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు టపటపమని వేడెక్కాక తగ్గితే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర లీకు చూడండి. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఉందో లేదో చూడటానికి కూడా బద్ధకించి టాపెట్లు తిప్పేవాళ్లున్నారు. వాళ్లకేం చెప్పను.

అపోహ: ఇంజిన్ వేడి మీదే సెట్ చేయాలి, అప్పుడే కరెక్టు.

ఇది మారుతి 800 దగ్గర నేర్చుకున్న చేతుల అలవాటు. పాత మారుతి ఇంజిన్లకి చల్లటి కొలత, వేడి కొలత అని రెండూ ఇచ్చారు, వేడి కొలత ఎక్కువ. హోండాకి ఇచ్చింది చల్లటి కొలత ఒక్కటే. వేడి ఇంజిన్ మీద చల్లటి అంకె పెడితే గ్యాప్ తక్కువైపోతుంది, మళ్లీ మొదటి కథే.

చల్లగా అంటే ఎంత? హెడ్డు 38 డిగ్రీల లోపు ఉండాలి. ఇక్కడే మన ఊరు అడ్డం తిరుగుతుంది. మే నెలలో బెజవాడలో మధ్యాహ్నం గాలే 44, 45 డిగ్రీలు. రాత్రంతా ఆపి ఉంచిన బండైనా పదకొండు గంటలకి బానెట్ ఎత్తితే హెడ్డు ఆ లెక్కలో ఉండదు. అందుకే ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టండి. రాత్రే బండిని నీడలో పెట్టుకోండి. కానీ వేపచెట్టు కింద మాత్రం వద్దు. ఉగాది రోజుల్లో ఒకాయన హెడ్ కవర్ తీసి కాఫీకి వెళ్లొచ్చేసరికి క్యామ్ మీద వేపపూత రాలి ఉంది. ఒక్కో రేకూ ట్వీజర్‌తో ఏరాం.

అపోహ: యూట్యూబ్ చూస్తే అరగంట పని. దీనికి ఎదురు అపోహ: ఇంట్లో ముట్టుకుంటే ఇంజిన్ పోతుంది.

రెండూ తప్పే. మొదటిసారి నాలుగు గంటలు పెట్టుకోండి. కావాల్సినవి ఫిల్లర్ గేజ్, 10 నంబర్ రింగ్ స్పానర్, మందపాటి స్క్రూడ్రైవర్, క్రాంక్ తిప్పడానికి 17 సాకెట్, చిన్న టార్క్ రెంచ్. ప్లగ్గులు తీసేస్తే ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఆ రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. క్రాంక్ బోల్టు ఎడమ ముందు చక్రం వైపు ఉంటుంది. చక్రం తీస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, స్టాండు పెట్టండి. ఇటుకలు వద్దు.

ఈ ఇంజిన్ పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. అటే తిప్పండి, వెనక్కి తిప్పొద్దు. పుల్లీ మీద తెల్ల గీత టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరిన చోటు. దాని పక్కన ఎర్ర గీత ఉన్న గుంపు ఇగ్నిషన్ టైమింగ్‌ది. కొత్తవాళ్లు ఎర్ర గీత పట్టుకుని కూర్చుంటారు. క్యామ్ పుల్లీ మీద "అప్" అన్న అక్షరాలు పైకి ఉంటే మొదటి సిలిండర్ సిద్ధం. దాని రాకర్లు చేత్తో కదిపితే కొద్దిగా ఆడాలి, ఆడకపోతే ఎక్కడో తప్పారు, లేదా ఇప్పటికే టైటుగా ఉన్నాయి. తర్వాత క్రాంక్ అరచుట్టు చొప్పున తిప్పుతూ 3, 4, 2.

అందరూ తప్పు చేసేది లాక్ నట్ దగ్గర. గేజ్ సందులో పెట్టి స్క్రూ తిప్పి "బాగుంది" అనుకుని నట్ బిగిస్తారు. నట్ బిగిసేటప్పుడు స్క్రూని తనతో కొంచెం లాక్కుపోతుంది. మీరు పెట్టిన 0.25 కాస్తా 0.21 అయి కూర్చుంటుంది. అందుకే స్క్రూడ్రైవర్‌తో స్క్రూని పట్టుకునే నట్ బిగించాలి, 20 న్యూటన్ మీటర్లకి. బిగించాక గేజ్ మళ్లీ పెట్టాలి. ఎగ్జాస్ట్‌కి 0.25 రేకు పెట్టి లాగితే కాగితాల బొత్తి మధ్య నుంచి ఒక కాగితం లాగినట్టు పట్టుకుని రావాలి, 0.23 సులువుగా జారాలి, 0.28 దూరకూడదు. మొదట్లో నాకూ ఒక్కో వాల్వుకి మూడుసార్లు పట్టేది. రాకర్ మొన మీద గుంట పడి ఉంటే గేజ్ ఆ గుంట మీద వంతెనలా నిలుస్తుంది, అసలు గ్యాప్ ఇంకా ఎక్కువ ఉంటుంది. అన్నీ సరిగ్గా పెట్టినా ఒక్కటి మాత్రం కొడుతూనే ఉంటే అక్కడ చూడండి.

ఇప్పుడు మిగతావి గబగబా.

వీటెక్ కదా, సెట్టింగ్ కంపెనీలోనే చేయాలంటారు. నడిమి రాకర్‌కి స్క్రూయే లేదు, దాన్ని వదిలేయండి. పక్కవాటిని మామూలు ఇంజిన్‌లాగే సెట్ చేస్తారు.

టైట్ చేస్తే పవర్ పెరుగుతుందంటారు. వాల్వు వెంట్రుకవాసి ఎక్కువ తెరుచుకుంటుంది నిజమే. ఆ పవర్ మీకు తెలియదు, కాలిన వాల్వు మాత్రం బాగా తెలుస్తుంది.

చిక్కటి ఆయిల్ పోస్తే టాపెట్లు ఊరుకుంటాయంటారు. 20డబ్ల్యూ50 పోసి వచ్చారొకరు. వీటెక్‌లో రాకర్లను ఒకదానికొకటి కలిపే పిన్నులు కదిలేది ఆయిల్ ప్రెషర్‌తోనే. మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయండి. స్క్రూ గ్యాప్‌ని ఆయిల్ పూడ్చదు.

ప్రతి సర్వీసుకీ సెట్ చేయాలా? అక్కర్లేదు. చూడటం వేరు, తిప్పడం వేరు. కొలతలో ఉన్నదాన్ని కదపొద్దు.

హెడ్ కవర్ వేసేటప్పుడు గాస్కెట్ గట్టిపడి ఉంటే కొత్తది వేయండి. అనాబాండ్ (లీకు ఆపే పేస్టు) క్యామ్ చివరి వంపు మూలల్లో మాత్రమే, చిటికెడు. గాస్కెట్ చుట్టూ కేకు మీద క్రీములా పూస్తే ఊడిన ముక్కలు ఆయిల్ దారుల్లో తేలుతాయి. కవర్ తీసినప్పుడే టైమింగ్ బెల్టు కూడా చూసుకోండి. ఈ ఇంజిన్‌లో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వుల్ని కొడతాయి.

బ్రాడీపేట కుర్రాడు ఈసారి తనే సెట్ చేసుకుంటానన్నాడు. మొన్న ఆదివారం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, పొద్దున్నే ఐదున్నరకి మొదలుపెట్టి పదహారు వాల్వుల అంకెలూ కాగితం మీద రాసి ఫొటో పంపాడు. నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్ ఒకటి నట్ బిగించాక 0.21 చూపిస్తోందట. "విప్పి మళ్లీ చెయ్" అన్నాను. తొమ్మిదింటికి స్టార్ట్ చేసి వాయిస్ మెసేజ్ పెట్టాడు. టిక్‌టిక్‌టిక్, చక్కగా, సమంగా. వెనకాల నుంచి వాళ్ల నాన్నగారి గొంతు: "అంతసేపు చేసి ఆ సౌండ్ తీయలేకపోయావేంట్రా?"