‘మెట్ల మీద నుంచి పడ్డాడు’ అని రాయించకండి: పిల్లలు బండి నడిపి గాయపడితే అపోహలు, వాస్తవాలు

నేను మోటారు ప్రమాదాల క్లెయిము కేసులు చేసే లాయర్‌ని. వేసవి సెలవులు మొదలయ్యాయంటే మా ఆఫీసుకి ఒకే తీరు ఫోన్లు వస్తాయి. పదిహేడేళ్ల అబ్బాయి నాన్న కారు తీసుకెళ్లాడు, ఎదురుగా వచ్చిన బండి గుద్దింది, తొడ ఎముక విరిగింది. అంతా విన్నాక నేను అడిగే మొదటి ప్రశ్న: “క్యాజువాలిటీలో ఏం చెప్పారు?” సగం మంది నోట వచ్చే జవాబు కూడా ఒకటే: “పోలీసు కేసవుతుందని మా బావమరిది మెట్ల మీద నుంచి పడ్డాడని చెప్పాడు సార్.”

ఈ ఒక్క మాట వల్ల నష్టపోయినంతగా తల్లిదండ్రులు ఇంకే పొరపాటు వల్లా నష్టపోవడం నేను చూడలేదు. అందుకే ముందు దీని గురించే చెబుతాను.

అపోహ: యాక్సిడెంట్ అని చెబితే పోలీసులు వచ్చేదాకా ఆస్పత్రిలో ముట్టుకోరు.

వాస్తవం: ముట్టుకోవాలి. ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలని, కాగితాలు తర్వాతేనని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్‌లోనూ ఇదే ఉంది. మెడికో లీగల్ కేసుగా రాసుకుని స్టేషన్‌కి సమాచారం పంపడం ఆస్పత్రి వాళ్ల పని, దానివల్ల మీ అబ్బాయి వైద్యం ఆగదు.

అబద్ధం చెబితే మాత్రం వైద్యమే దారి తప్పవచ్చు. మెట్ల మీద నుంచి పడ్డ పిల్లాడికి డాక్టరు చూసేది వేరు, స్టీరింగ్ పొట్టకి గుద్దుకున్న పిల్లాడికి చూసేది వేరు. ప్లీహానికి (పొట్టలో ఎడమ పక్క ఉండే స్ప్లీన్‌కి) దెబ్బ తగిలితే మొదట్లో పైకి ఏమీ తెలియకపోవచ్చు, కొన్ని గంటల తర్వాత లోపల రక్తస్రావం బయటపడవచ్చు. కారు ప్రమాదమని తెలిస్తే డాక్టరు కడుపు స్కాన్ గురించి ఆలోచిస్తాడు. మెట్లని చెబితే కాలికి ఎక్స్‌రే తీసి ఊరుకోవచ్చు.

ఇక డబ్బు సంగతి. కేంద్ర ప్రభుత్వం 2025 మేలో రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత వైద్య పథకం నోటిఫై చేసింది. గుర్తింపు పొందిన ఆస్పత్రిలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, ఒక్కొక్కరికి 1.5 లక్షల దాకా వర్తిస్తుంది. అది రోడ్డు ప్రమాదమేనని పోలీసుల నుంచి నిర్ధారణ వెళ్లాలి. మెట్ల మీద నుంచి పడ్డవాడికి ఆ పథకం ఎలా వర్తిస్తుంది?

కొన్నేళ్ల కిందటి కేసొకటి చెబుతాను. అబ్బాయి ఇంటర్ సెకండియర్. పక్క రోడ్డులోంచి ఇండికేటర్ కూడా వేయకుండా వచ్చిన డీసీఎం వ్యాన్ వీళ్ల కారుని గుద్దింది. తొడలో రాడ్ వేశారు. వ్యాన్‌కి ఇన్సూరెన్స్ ఉంది, చూసిన సాక్షులున్నారు, పరిహారం రావడానికి ఏ అడ్డూ లేని కేసు. కానీ క్యాజువాలిటీ రిజిస్టర్‌లో మొదటి లైను: “అలెజ్‌డ్ హిస్టరీ ఆఫ్ ఫాల్ ఫ్రమ్ స్టెయిర్స్,” అంటే మెట్ల మీద నుంచి పడ్డాడని చెప్పారని. తండ్రి బోనులో నిలబడ్డప్పుడు కంపెనీ తరఫు లాయరు ఆ ఒక్క కాగితమే పట్టుకుని అడిగాడు. “ఇది చెప్పింది మీ మనిషేనా? అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమా?” ఆయన బోను కొయ్యని పట్టుకుని తలొంచుకున్నాడు. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం. అప్పుడు చేతికొచ్చిన మొత్తం ఆస్పత్రి బిల్లుకి కూడా చాలలేదు.

ఇప్పటికే తప్పు చెప్పేసి ఉంటే కంగారు పడకండి, అలాగని నాన్చకండి కూడా. డిశ్చార్జి కాకముందే డాక్టరుకి, స్టేషన్‌లో ఎస్‌హెచ్ఓకి (స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారికి) జరిగింది జరిగినట్టు రాసిచ్చి, ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. ఫిర్యాదు కాస్త ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిము కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. పిల్లాణ్ణి ఐసీయూలో పెట్టుకుని ఎవరు స్టేషన్‌కి పరిగెత్తుతారు? జడ్జీలకీ అది తెలుసు. ఆలస్యానికి కారణం చెప్పుకోవచ్చు. అబద్ధానికి ఏం కారణం చెబుతాం?

అపోహ: నడిపింది తండ్రో డ్రైవరో అని చెబితే గండం గడుస్తుంది.

వాస్తవం: దెబ్బలే సాక్ష్యం చెబుతాయి. సీటు బెల్టు ఏ భుజం మీద కోసుకుంది, ఏ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంది, టోల్‌గేట్ కెమెరాలో ఎవరి ముఖం కనిపించింది, 108 సిబ్బంది ఎవరిని ఏ సీటులోంచి తీశారు, ఇన్సూరెన్స్ ఇన్వెస్టిగేటర్ ఇవన్నీ తిరగేస్తాడు. 2024 మేలో పుణెలో జరిగిన పోర్షే ప్రమాదం గుర్తుందా? డ్రైవర్ మీదకి నెట్టాలని చూశారని, రక్త నమూనాలు మార్చారని వచ్చిన ఆరోపణలతో తండ్రి, తాత, డాక్టర్లు కూడా అరెస్టయ్యారు. ఒక కేసుగా మొదలైంది ఇంటిల్లిపాదినీ చుట్టుకుంది.

దాచడానికేం లేదు, మైనర్‌కి బండి ఇస్తే చట్టం గట్టిగానే ఉంది. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 3 సంవత్సరాల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. తెలియకుండా తాళాలు తీసుకెళ్లాడన్నది నిజమైతే ఆ సంగతి రుజువు చేసుకునే అవకాశం అదే సెక్షన్‌లో ఉంది. దొంగ డ్రైవర్‌ని నిలబెట్టాక ఆ మాట ఎవరూ నమ్మరు.

అపోహ: లైసెన్స్ లేదు కాబట్టి మా వాడికి పైసా రాదు.

ఇది విని ఎంతమంది కేసే వేయలేదో! లైసెన్స్ లేకుండా నడపడం నేరమే. దానికి శిక్ష వేరు. ప్రమాదం ఎవరి తప్పు వల్ల జరిగిందన్నది వేరు. సుధీర్ కుమార్ రాణా కేసులో లైసెన్స్ లేని పదిహేడేళ్ల అబ్బాయి విషయంలో సుప్రీంకోర్టు 2008లో తేల్చింది ఇదే: లైసెన్స్ లేకపోవడం ఒక్కటే ప్రమాదంలో అతని నిర్లక్ష్యానికి రుజువు కాదు. ఎదుటి బండిది తప్పైతే ఆ బండి ఇన్సూరెన్స్ కంపెనీ మీద మీ అబ్బాయికి హక్కుంది. మైనర్ కాబట్టి తల్లో తండ్రో సంరక్షకులుగా కేసు వేస్తారు. పిల్లాడి పేరిట వచ్చిన సొమ్ము మేజరయ్యేదాకా సాధారణంగా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయిస్తారు.

సంపాదన లేని పిల్లలకి పరిహారం ఏముంటుందని కొందరి వాదన. 2020లో కాజల్ కేసులో పన్నెండేళ్ల పాపకి నైపుణ్యం ఉన్న కార్మికుడి కనీస వేతనం లెక్కగట్టింది సుప్రీంకోర్టు. ఆ వాదనకి ఇంక చోటు లేదు.

తప్పు మీవాడిదే అయి, అవతలివాళ్లు గాయపడితే? సాధారణంగా మీ బండి ఇన్సూరెన్స్ కంపెనీ ముందు వాళ్లకి కట్టి, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకుంటుంది. అంటే ఆ బరువు తండ్రి మీదే పడుతుంది. కాబట్టి కోర్టు నోటీసు వస్తే పక్కన పడేయకండి, వెళ్లి వాదించుకోండి. ఇక ఓనర్-డ్రైవర్‌కి (బండి తానే నడిపే యజమానికి) ఉండే 15 లక్షల ప్రమాద బీమా లైసెన్స్ లేని పిల్లాడికి వర్తించదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

“జైల్లో వేస్తారా అయ్యా మా వాణ్ణి? పాస్‌పోర్టు రాదంటున్నారు, అమెరికా చదువు పోయినట్టేనంటున్నారు” అని ఒక తల్లి నా ముందు ఏడ్చింది. లేదమ్మా. పద్దెనిమిది నిండని పిల్లాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు. కేసు మైనర్ల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకి వెళ్తుంది. బోర్డు తప్పుందని తేల్చినా, మామూలు కేసుల్లో ఆ కారణంగా పిల్లాడి భవిష్యత్తుకి అనర్హత అంటకుండా 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టంలో 24వ సెక్షన్ ఉంది. వాట్సాప్‌లో తిరిగే మాటలు పట్టుకుని ఆ తల్లికి నిద్ర లేకుండా చేసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పద్దెనిమిది నిండి ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) ఉంటే ఒంటరిగా నడపొచ్చన్నది తప్పు, పక్కన లైసెన్స్ ఉన్నవాళ్లు ఉండాలి, ఎల్ బోర్డు ఉండాలి. కారుని వెంటనే షెడ్డుకి తోలేయకండి, ముందు ఫొటోలు తీయండి, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) తనిఖీ అవనివ్వండి. ఒరిజినల్ బిల్లులు, ఎక్స్‌రే ఫిల్ములు ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్సులివ్వండి. క్లెయిము వేయడానికి చట్టంలో 6 నెలల గడువు పెట్టారు. దాని మీద సుప్రీంకోర్టుకి సవాళ్లు వెళ్లాయి. అయినా తీర్పు మీద భారం వేసి కూర్చోకండి, ఆ గడువులోపే వేసేయండి.

స్టేషన్ దగ్గర పెద్దమనుషులు కూర్చోబెట్టి “మందుల ఖర్చు ఇస్తాడు, సంతకం పెట్టేయండి” అంటే ఆ రోజు పెట్టకండి. తొడలో వేసిన రాడ్ కొన్నాళ్లకి తీయాల్సి రావచ్చు. అది ఇంకో ఆపరేషన్, మళ్లీ అంత ఖర్చు, అబ్బాయికి మళ్లీ కాలేజీ పోతుంది. ముందు ఆర్థో డాక్టరు దగ్గరికి వెళ్లి దానికి ఎంతవుతుందో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. వైకల్యం మిగిలేలా ఉంటే ఎంత శాతమో మెడికల్ బోర్డు చేత రాయించండి. రాజీ మాట ఆ రెండు కాగితాలు చేతికొచ్చాకే.