అపోహలు - వాస్తవాలు: ‘న్యూయార్క్’ సినిమా చూసినవాళ్లు నన్ను అడిగేవి

న్యూజెర్సీలో ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గర కేసు ఫైళ్లు తయారుచేయడం నా పని. 2009లో వచ్చిన కబీర్ ఖాన్ హిందీ సినిమా ‘న్యూయార్క్’లో, 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఏ తప్పూ చేయని ముస్లిం కుర్రాణ్ని అనుమానంతో పట్టుకుని నిర్బంధంలో హింసిస్తారు. అది చూసినవాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, నిజంగా అలా జరిగిందా అని.

అపోహ: అదంతా సినిమా కోసం పెంచి చెప్పిందే.

వాస్తవం: పాత్రలు కల్పితం, నిర్బంధాలు మాత్రం నిజం. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఇమ్మిగ్రేషన్ కస్టడీలో పెట్టిన 762 మంది గురించి అమెరికా న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరలే 2003లో రిపోర్టు ఇచ్చారు. ఒక మనిషికి దాడులతో సంబంధం లేదని ఎఫ్‌బీఐ తేల్చడానికి సగటున 80 రోజులు పట్టింది. బ్రూక్లిన్ జైల్లో 84 మందిని రోజుకు 23 గంటలు సెల్‌లోనే ఉంచారు. రాత్రంతా లైట్లు వెలుగుతూనే ఉండేవి. లాయర్‌కి వారానికి ఒక్క ఫోన్ కాల్. అది కావాలా అని అడగడానికి సిబ్బంది వాడిన మాట ‘ఆర్ యూ ఓకే?’. ఓకే అంటే ఆ వారం కాల్ పోయినట్టే. ఆ రిపోర్టు ఎన్నిసార్లు తీసినా నేను ఈ పేజీ దగ్గర ఆగిపోతాను. బాగున్నావా అని పలకరిస్తే బాగున్నాననే కదా ఎవరైనా అనేది!

అపోహ: పట్టుకున్నారంటే ఏదో ఉండే ఉంటుంది.

వాస్తవం: వాళ్లలో చాలామంది తప్పు వీసా గడువు దాటిపోవడమే. సెప్టెంబర్ 12న టెక్సస్‌లో రైల్లోంచి దించి పట్టుకున్న ఇద్దరు మన హైదరాబాద్ వాళ్లు. న్యూస్‌పేపర్ స్టాల్లో పనిచేసేవాళ్లు, దగ్గర బాక్స్ కట్టర్లు, అంటే అట్టపెట్టెలు కోసే కత్తులు ఉన్నాయి. అందుకే అనుమానించారు. ఆ దాడుల కేసు వాళ్లమీద ఎప్పుడూ పెట్టలేదు. క్రెడిట్ కార్డు మోసం మాత్రం చేశారు, దానికి శిక్ష పడింది, తర్వాత ఇండియాకు పంపేశారు.

అపోహ: ప్రభుత్వం రమ్మన్నప్పుడు మనంతట మనమే వెళ్లి కనబడితే ఏ టెన్షనూ ఉండదు.

వాస్తవం: 2002లో మొదలుపెట్టి, 25 దేశాల నుంచి వచ్చి వీసా మీద ఉంటున్న మగవాళ్లు, 16 ఏళ్లు, ఆపైవాళ్లు, వచ్చి పేరు రాయించుకోవాలని అమెరికా ప్రభుత్వం అంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ అందులో ఉన్నాయి, ఇండియా లేదు. అమెరికాలో ఉంటున్నవాళ్లే 80 వేల మందికి పైగా వెళ్లారు. 13 వేల మందికి పైగా డిపోర్టేషన్ (దేశం నుంచి పంపేసే) కేసుల్లో ఇరుక్కున్నారు. దానివల్ల ఉగ్రవాదిగా శిక్ష పడినవాడు ఒక్కడూ లేడు. 2016 డిసెంబర్లో ఆ రూల్‌ని పూర్తిగా ఎత్తేశారు.

అపోహ: ఇది ముస్లింల సమస్య, మనకేం?

వాస్తవం: దాడులు జరిగిన నాలుగో రోజే అరిజోనాలో తలపాగా చూసి బల్బీర్ సింగ్ సోధిని కాల్చేశారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఇరాన్ వాడనుకుని చంపారు.

అపోహ: అరెస్టయితే ప్రభుత్వమే లాయర్ని పెడుతుంది.

వాస్తవం: అది క్రిమినల్ కేసుల్లో, లాయర్ని పెట్టుకునే స్తోమత లేనివాళ్లకి. డిపోర్టేషన్ కేసులో లాయర్ని మనమే పెట్టుకోవాలి. అందుకే మా క్లయింట్లందరికీ చెబుతాను: లాయర్ నంబర్ కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్ తీసేసుకున్నాక కంఠతా వచ్చిన నంబర్లు మనకెన్ని ఉంటాయి?